కేసముద్రం నుంచి ఆసుపత్రి ఎంత దూరం?

జిల్లా కేంద్రాలలో నేడు 'మాతా శిశు' అన్న మాట లేని ప్రభుత్వ వైద్యశాల అరుదు. జనగామ వారికి చంపక్ హిల్స్‌లోని మాతా శిశు సంరక్షణ కేంద్రం తెలుసు. వరంగల్ ప్రాంతం వారికి 'సీకేఎం' అన్న మూడక్షరాలు చాలు, అది ప్రసూతి ఆసుపత్రి అని చిన్నపిల్లలు కూడా చెబుతారు. హైదరాబాద్ వెళ్తే సుల్తాన్ బజార్, పేట్లబుర్జ్, నీలోఫర్ పేర్లు వినిపిస్తాయి. ఇవన్నీ చూసినప్పుడు మీలో కొందరికి ఒక సందేహం కలిగి ఉండవచ్చు. కంటికి, ఎముకకు, గుండెకు వేరే ఆసుపత్రి అంటే అర్థం ఉంది, అవి రోగాలు. కానుపు రోగం కాదు కదా, దానికి ప్రత్యేకంగా ఒక ఆసుపత్రి ఎందుకు?

ఇది తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. కానుపు రోగం కాదన్న మాట అక్షరాలా నిజం. అయితే రోగం కాని ఆ స్థితి కొద్ది నిమిషాలలో ప్రాణాపాయంగా మారగలదు. ఎవరి విషయంలో మారుతుందో ముందుగా కచ్చితంగా చెప్పడం సాధ్యం కాదు. తల్లీబిడ్డల ఆసుపత్రి పుట్టింది ఈ అనిశ్చితి నుంచే. దాని చరిత్రను పరిశీలిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. భవనం కట్టినంత మాత్రాన ప్రాణాలు నిలవలేదు. ఆ భవనానికీ గర్భిణి ఇంటి గడపకూ మధ్య ఉన్న దూరం ఎంత తగ్గితే అంతగా నిలిచాయి. మహబూబాబాద్ జిల్లా కేసముద్రం వంటి ఒక మండల కేంద్రాన్ని మనసులో ఉంచుకొని ఈ వ్యాసం చదవవలసిందిగా కోరుతున్నాను.

పురిటి గది నాటి సంగతి

ఆసుపత్రులు లేని కాలంలో మన పల్లెలలో కానుపు ఆడవారి లోకం. తొలి కానుపుకు ఆడపిల్లను పుట్టింటికి తెచ్చుకునే ఆచారం నేటికీ ఉంది. ఇంట్లో ఒక మూల గదిని పురిటి గదిగా చేసి మంత్రసానికి కబురు పెట్టేవారు. ఆమెకు చదువు లేకపోయినా వందల కానుపులు చూసిన అనుభవం ఉండేది. బిడ్డ తల ఎటు ఉన్నదో పొట్ట మీద చేయి వేసి చెప్పగలిగేది. భయపడే చూలాలికి ధైర్యం చెప్పి, రాత్రంతా పక్కన కూర్చొనేది. ఈ చివరి పని విలువ వైద్యశాస్త్రానికి చాలా ఆలస్యంగా తెలిసివచ్చింది. దానిని మళ్ళీ ప్రస్తావిస్తాను.

ఆమెకు సాధ్యం కానివి కూడా ఉన్నాయి. కానుపు తరువాత మాయ పడక రక్తం ధారగా పోతుంటే ఆపే మందు ఆమె వద్ద లేదు. బిడ్డ అడ్డం తిరిగితే శస్త్రచికిత్స చేయగల చోటు లేదు. పల్లెల్లో 'గుర్రపు వాతం' అని పిలుచుకున్న మూర్ఛకు, అంటే రక్తపోటు పెరిగి గర్భిణికి వచ్చే ఫిట్స్‌కు, చికిత్స లేదు. బొడ్డుతాడు కోసిన కొడవలి, పూసిన బూడిద బిడ్డకు ధనుర్వాతం తెచ్చేవి. 'కానుపు అంటే పునర్జన్మ' అని మన ఆడవారు ఊరికే అనలేదు.

ఆసుపత్రే మృత్యువును పంచిన కాలం

ప్రసవానికి ప్రత్యేక వైద్యశాల అన్న ఆలోచన ఐరోపాలో 18వ శతాబ్దంలో బలపడింది. 1745లో బార్తలోమ్యూ మాస్ అనే వైద్యుడు డబ్లిన్ నగరంలో పేద స్త్రీల కోసం నెలకొల్పిన ప్రసూతి ఆసుపత్రి 'రొటండా' పేరుతో నేటికీ పనిచేస్తున్నది. మన దక్షిణ దేశంలో 1844లో మద్రాసులో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి మొదలైంది. ఆసియాలోని పాత ప్రసూతి ఆసుపత్రులలో అది ఒకటి. తరువాతి కాలంలో అది ఎగ్మూరుకు మారి, తెలుగు జిల్లాల నుంచి వెళ్ళిన వైద్య విద్యార్థులకు కూడా ప్రసూతి విద్య నేర్పింది. కర్నూలులో 1887లో జన్మించిన డాక్టర్ ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియార్ అక్కడ పనిచేసిన ఆచార్యుడే. 1938లో వెలువడిన ఆయన ప్రసూతి వైద్య గ్రంథాన్ని తరతరాల భారతీయ వైద్య విద్యార్థులు చదివారు.

అయితే తొలినాటి ప్రసూతి ఆసుపత్రులు ఆశించిన మేలు చేయలేదు. కొన్ని చోట్ల ఇంట్లో కానుపు కంటే ఆసుపత్రి కానుపే ఎక్కువ ప్రమాదకరమైంది. కారణం సూతికా జ్వరం. వియన్నా మహా వైద్యశాలలో రెండు ప్రసూతి విభాగాలుండేవి. ఒకదానిలో వైద్యులు, విద్యార్థులు కానుపులు చేసేవారు. రెండవ దానిలో మంత్రసానులు చేసేవారు. వైద్యుల విభాగంలో నూటికి సుమారు పదిమంది బాలింతలు మరణిస్తుండగా, మంత్రసానుల విభాగంలో నలుగురి లోపే మరణించేవారు. వైద్యులున్న చోటికి తమను పంపవద్దని గర్భిణులు ప్రాధేయపడేవారు.

1847లో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే యువ వైద్యుడు దీని కారణం కనిపెట్టాడు. వైద్యులు శవపరీక్ష గది నుంచి తిన్నగా ప్రసవ గదికి వస్తున్నారు, వారి చేతులే విషాన్ని మోస్తున్నాయి. క్లోరిన్ కలిపిన నీటితో చేతులు కడగాలని ఆయన నియమం పెట్టగానే మరణాలు అమాంతం పడిపోయాయి. తోటి వైద్యులు చాలాకాలం ఆయన మాట వినలేదు. దాదాపు తొంభై ఏళ్ళ తరువాత, 1930ల మధ్యలో, లండన్‌లోని క్వీన్ షార్లెట్స్ ప్రసూతి ఆసుపత్రిలో లియొనార్డ్ కోల్‌బ్రూక్ సల్ఫా మందులతో సూతికా జ్వరాన్ని అదుపులోకి తెచ్చాడు.

ఈ ఘట్టాన్ని వివరంగా చెప్పడానికి కారణముంది. గర్భిణులందరినీ ఒకచోట చేర్చడం రెండంచుల కత్తి. శుభ్రత ఉంటే అది రక్షణ, లేకపోతే ఒకరి జబ్బు అందరికీ పాకే చోటు. ఒక మంచం మీద ఇద్దరు బాలింతలు పడుకోవలసి వస్తే అది సౌకర్యం గురించిన ఫిర్యాదు మాత్రమే కాదు, వైద్యపరమైన ప్రమాదం కూడా. తల్లీబిడ్డల ఆసుపత్రిలో పడకల సంఖ్య, నీటి సరఫరా, పారిశుద్ధ్య సిబ్బంది శస్త్రచికిత్స గది అంత ముఖ్యమైనవి.

ఘోషాసుపత్రులు

మన దేశంలో మరొక అడ్డంకి కూడా ఉండేది. పరదా పాటించే కుటుంబాల స్త్రీలు మగ వైద్యుని ఎదుటకు వచ్చేవారు కారు. ఆడ వైద్యులు దాదాపు లేరు. 1885లో వైస్రాయ్ భార్య లేడీ డఫరిన్ పేరిట ఏర్పడిన నిధి ఆడవారికి ఆడవారి చేతనే వైద్యం అందించడం లక్ష్యంగా పెట్టుకున్నది. ఆ కాలపు ఒరవడిలో వెలసిన ఆసుపత్రులను మన ఉత్తరాంధ్ర ప్రజలు 'ఘోషాసుపత్రి' అని పిలుచుకున్నారు. విశాఖపట్నంలోని విక్టోరియా ఆసుపత్రికి ఆ పేరు నేటికీ నిలిచి ఉంది.

గుంటూరులో ఈ పనికి పునాది వేసినది అమెరికా నుంచి 1883లో వచ్చిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్. ఆమె ఇళ్ళకు వెళ్ళి వైద్యం చేస్తూ, నిధులు కూడగట్టి, 1898లో ఆసుపత్రి తెరిచింది. 1930లో మరణించే వరకు ఆమె సేవ తెలుగు నేల మీదనే సాగింది. 'కుగ్లర్ ఆసుపత్రి' అంటే గుంటూరు వారికి నేటికీ తెలుసు.

నిజాం రాజ్యానికి వస్తే, హైదరాబాద్‌లో మూసీ ఒడ్డున విక్టోరియా జనానా ఆసుపత్రికి 1906లో నాటి వేల్స్ యువరాణి శంకుస్థాపన చేసింది. అంతకు పూర్వమే హైదరాబాద్ వైద్య పాఠశాలలో చదువుకున్న రూపాబాయి ఫర్దూన్‌జీ నగరంలోని ఆసుపత్రులలో రోగులకు క్లోరోఫారం ఇచ్చేది. ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యులలో ఆమె ఒకరు. మత్తు వైద్యుడు లేని చోట సిజేరియన్ లేదని గుర్తుంచుకుంటే ఆమె స్థానం ఎంతటిదో అర్థమవుతుంది.

ఈ సంస్థలు గొప్పవే. కాని అవన్నీ నగరాలలోనే ఉన్నాయి. వరంగల్ సుబాలోని ఒక పల్లెలో నొప్పులు మొదలైన స్త్రీకి హైదరాబాద్‌లోని జనానా ఆసుపత్రి ఉన్నా లేనట్టే.

రాజప్రాసాదంలో ఒక మరణం

దూరం అంటే కిలోమీటర్లు మాత్రమే కాదని చెప్పే ఉదంతం నీలోఫర్ ఆసుపత్రి పుట్టుక. టర్కీ రాజవంశానికి చెందిన నీలోఫర్ 1916లో ఇస్తాంబుల్‌లో జన్మించింది. 1931లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రెండవ కుమారుడు ముఅజ్జం జా ను వివాహమాడి హైదరాబాద్‌కు వచ్చింది. ఆమె సౌందర్యం గురించి ఎందరో రాశారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఆమె నర్సు శిక్షణ పొందిందన్న సంగతి అంతగా ప్రచారంలోకి రాలేదు. ఆమెకు సంతానం కలగలేదు.

1949లో ఆమె పరిచారికలలో ఒకరైన రఫత్ ప్రసవ సమయంలో మరణించింది. ఆ మరణం రాకుమారిని కలచివేసింది. ఇటువంటి చావు మరొక స్త్రీకి రాకూడదన్న పట్టుదలతో ఆమె స్త్రీలకూ పిల్లలకూ ఒక ప్రత్యేక ఆసుపత్రి కావాలని నిజాంను కోరింది. 1953లో రెడ్‌హిల్స్ ప్రాంతంలో నూరు పడకలతో ఆసుపత్రి ప్రారంభమైంది. అప్పటికే, 1952లో, ఆమె వివాహబంధం ముగిసింది. 1989లో ఆమె పారిస్‌లో కన్నుమూసింది. ఆసుపత్రి మాత్రం ఆమె పేరుతో పెరిగి, పడకలు ఎన్నో రెట్లయి, నేడు తెలంగాణ నలుమూలల నుంచి వచ్చే పసికందులకు ఆఖరి ఆశగా నిలిచింది.

ఇక్కడ మీరు ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి. రఫత్ మారుమూల తండాలో లేదు. దేశంలోని అత్యంత సంపన్న సంస్థానానికి రాజధాని అయిన నగరంలో, రాజకుటుంబం నీడలో బతికింది. అయినా ఆమె ప్రాణం నిలవలేదు. ఆసుపత్రి కనుచూపు మేరలో ఉండటం వేరు, ఆపద వచ్చిన గంటలో సరైన చేతులు అందుబాటులో ఉండటం వేరు. రాజధానిలోనే అలా ఉంటే నాటి కేసముద్రంలో, డోర్నకల్‌లో, మహాదేవపూర్ అడవులలో ఎంతమంది పేరు తెలియని రఫత్‌లు ఉన్నారో ఏ దస్త్రంలోనూ లేదు.

పసికందు కూడా రోగి అయిన రోజు

చాలాకాలం ప్రసూతి ఆసుపత్రి అంటే తల్లి ఆసుపత్రే. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ బతకడం, బతకకపోవడం దైవాధీనం అనుకున్నారు. 1880ల ఆరంభంలో పారిస్ ప్రసూతి ఆసుపత్రిలో స్తెఫాన్ తార్నియే బరువు తక్కువ బిడ్డలను వెచ్చని పెట్టెలో ఉంచడం మొదలుపెట్టాడు. ఆయన శిష్యుడు పియర్ బుదాన్ ఆ బిడ్డలకు తల్లిపాలు, వెచ్చదనం, శుభ్రత అనే మూడింటినీ శాస్త్రంగా మలిచాడు. తల్లినీ బిడ్డనూ విడదీయరాదన్న సూత్రం అక్కడ పుట్టింది. దాని ఫలమే నేటి మాతా శిశు ఆసుపత్రి. ప్రసవ గదికి పక్కనే నవజాత శిశువుల ప్రత్యేక చికిత్సా విభాగం ఉండటం దాని ముఖ్య లక్షణం.

మన దేశంలో జిల్లా స్థాయిలో అటువంటి విభాగానికి 2003లో పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా దారి చూపింది. వార్మర్లు, ఫొటోథెరపీ దీపాలు, శిక్షణ పొందిన నర్సులు ఉంటే నగరానికి పరుగెత్తకుండానే ఎందరో శిశువులను జిల్లా కేంద్రంలోనే బతికించవచ్చని అది నిరూపించింది. అదే 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నవజాత శిశు ధనుర్వాతాన్ని నిర్మూలించిన తొలి భారత రాష్ట్రంగా గుర్తింపు పొందింది. గర్భిణులకు టీటీ సూది వేయడం, బొడ్డు శుభ్రంగా కోయడం అన్న రెండు చిన్న పనుల విజయమది. కొడవలితో బొడ్డు కోసిన కాలాన్ని తలచుకుంటే అది ఎంత పెద్ద మలుపో మీకు బోధపడుతుంది.

ఇంకొక పాఠం మన పొరుగునే దొరికింది. భూపాలపల్లి జిల్లాకు ఆవలి ఒడ్డున మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా ఉంది. అక్కడ డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు 39 గ్రామాలలో స్థానిక స్త్రీలకు శిక్షణ ఇచ్చి, ఇంటి వద్దనే నవజాత శిశువుల సంరక్షణ చేయించారు. శిశువుల తొలి నెల మరణాలు 62 శాతం తగ్గినట్టు 1999లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. నేడు ఆశా కార్యకర్త కానుపు తరువాత మీ ఇంటికి వచ్చి బిడ్డను తూకం వేసి, ఒళ్ళు వెచ్చగా ఉన్నదో లేదో చూస్తున్నదంటే దాని మూలం ఆ గ్రామాలలో ఉంది. ఆసుపత్రి గడప దాటి ఊళ్ళోకి రావడం అంటే ఇదే.

కేసముద్రం దారి

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. నిజాం రైలు మార్గం వరంగల్, డోర్నకల్ మీదుగా 1889లో బెజవాడకు చేరింది. కేసముద్రం ఆ మార్గం మీదిదే. ఒకవైపు మహబూబాబాద్, మరొకవైపు నెక్కొండ, వరంగల్. మిర్చి, పత్తి బస్తాలతో నిండే మార్కెట్ యార్డు ఈ ఊరికి పేరు తెచ్చింది. చుట్టూ పల్లెలు, లంబాడా తండాలు. 2016 అక్టోబర్‌లో మహబూబాబాద్ జిల్లా ఏర్పడే వరకు ఇది వరంగల్ జిల్లాలో భాగం. అంటే క్లిష్టమైన కానుపు ఏదైనా నలభై, యాభై కిలోమీటర్ల దూరంలోని వరంగల్‌కే పోవాలి.

వరంగల్‌లో ఆదరువు ఉన్నది. దాత చందా కాంతయ్య స్మారకంగా వెలసిన ప్రసూతి ఆసుపత్రినే జనం సీకేఎం అంటారు. హనుమకొండలో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఉంది. బిడ్డకు ఆపద వస్తే ఎంజీఎం ఉంది. 1959లో కాకతీయ వైద్య కళాశాల ఏర్పడిన తరువాత ఇవి బోధనాసుపత్రులై, నిపుణులు రాత్రింబవళ్ళు ఉండే చోట్లయ్యాయి. ఉమ్మడి వరంగల్ జిల్లా ఆడవారికి తరాల తరబడి ఇవే పెద్ద దిక్కు.

కాని గడియారం దూరాన్ని క్షమించదు. కానుపు తరువాత తీవ్ర రక్తస్రావం మొదలై చికిత్స అందకపోతే తల్లి సగటున రెండు గంటలలో మరణించగలదని ప్రసూతి శాస్త్రం చెబుతుంది. బిడ్డ పుట్టి ఊపిరి తీయకపోతే వ్యవధి నిమిషాలలోనే. రక్తహీనత ఉన్న స్త్రీ కొంచెం రక్తం పోయినా తట్టుకోలేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ గర్భిణులలో సగానికి పైగా రక్తహీనులే.

1994లో సెరీన్ థాడియస్, డెబోరా మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు తల్లుల మరణాలకు మూడు ఆలస్యాలు కారణమని వివరించారు. మొదటిది ఇంట్లో నిర్ణయం తీసుకోవడంలో ఆలస్యం, 'అత్తమ్మను అడగాలి, ఆయన పొలం నుంచి రావాలి' అన్నది. రెండవది దారిలో ఆలస్యం. మూడవది ఆసుపత్రికి చేరిన తరువాత ఆలస్యం, అంటే వైద్యుడు లేకపోవడం, రక్తం లేకపోవడం, మరొక చోటికి పొమ్మనడం. ఈ మూడింటిలో ఏ ఒక్కటి మిగిలినా తల్లి ప్రాణం దక్కదు. గత ఇరవై ఏళ్ళలో జరిగిన కృషిని ఈ మూడింటి వెలుగులోనే చూడాలి.

మొదటి ఆలస్యాన్ని తగ్గించినవి 2005లో మొదలైన జననీ సురక్షా యోజన, ఆశా వ్యవస్థ. రెండవ దానిని తగ్గించినది 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ప్రారంభమైన 108 అంబులెన్స్, తరువాత వచ్చిన 102 'అమ్మ ఒడి' వాహనాలు. 2011లో జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రభుత్వ ఆసుపత్రిలో కానుపు, సిజేరియన్, మందులు, రక్తం, భోజనం, రవాణా ఉచితం చేసింది. 2017 జూన్‌లో తెలంగాణలో కేసీఆర్ కిట్ పథకం మొదలై, ప్రభుత్వ ఆసుపత్రిలో కానుపైన తల్లికి విడతలవారీగా మగబిడ్డ అయితే 12,000, ఆడబిడ్డ అయితే 13,000 రూపాయలు అందించింది. 2015-16 సర్వేలో రాష్ట్రపు కానుపులలో ప్రభుత్వ ఆసుపత్రుల వాటా 30.5 శాతం కాగా, 2019-20 సర్వేకు అది 49.7 శాతానికి చేరింది. 2022లో మహబూబాబాద్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. కేసముద్రం వారికి పెద్దాసుపత్రి వరంగల్ నుంచి పక్క స్టేషన్ల దాకా నడిచివచ్చిందన్నమాట.

దీని ఫలితం అంకెలలో చూడండి. లక్ష కానుపులకు ఎందరు తల్లులు మరణిస్తున్నారన్నది మాతృ మరణాల రేటు. 2001-03లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అది 195. తెలంగాణలో 2014-16 నాటికి 81, 2018-20 నాటికి 43. అదే 2018-20లో దేశ సగటు 97. ఈ తగ్గుదల వెనుక ఉన్నది ఏ ఒక్క భవనమూ, ఏ ఒక్క పథకమూ కాదు. ఊరి ఆశా కార్యకర్త నుంచి సీకేఎం ఆపరేషన్ గది దాకా గొలుసులోని ఒక్కొక్క లంకె బిగుసుకోవడమే.

కొత్త సమస్య

దూరం తగ్గిన తరువాత మరొక చిక్కు వచ్చింది. 2019-20 సర్వే ప్రకారం తెలంగాణలో జరిగిన కానుపులలో 60.7 శాతం సిజేరియన్లు. ప్రైవేటు ఆసుపత్రులలో 81.5 శాతం, ప్రభుత్వ ఆసుపత్రులలో 44.5 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశీలన ప్రకారం ఒక జనాభాలో సిజేరియన్లు 10 శాతం దాటిన తరువాత మరణాలు అదనంగా తగ్గిన దాఖలా లేదు. ఒకనాడు కత్తి అందక తల్లులు పోయారు, నేడు అవసరం లేని కత్తి ఎక్కువైంది.

ముహూర్తం చూసి కడుపు కోయించుకోవడం మన రాష్ట్రానికి పట్టిన ప్రత్యేక జాడ్యం. నెలలు పూర్తిగా నిండకముందే మంచి నక్షత్రం కోసం తీసిన బిడ్డ ఊపిరితిత్తులు సిద్ధంగా ఉండకపోవచ్చు. అటువంటి బిడ్డ వార్మర్ మీద పడుకుంటే, నిజంగా ప్రాణాపాయంలో ఉన్న మరొక బిడ్డకు చోటు తగ్గుతుంది. తొలి సిజేరియన్ తరువాతి కానుపులలో మాయ గర్భసంచికి అతుక్కుపోయే ప్రమాదాన్ని కూడా పెంచుతుంది.

దీనికి విరుగుడుగా తెలంగాణ ప్రభుత్వం 2017లో నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించింది. నొప్పులు పడే తల్లి పక్కన ఓపికగా కూర్చొని, సహజ కానుపుకు సాయపడి, ఆపద ఛాయలు కనిపించగానే వైద్యుని పిలవడం వారి పని. మొదట మంత్రసాని గురించి చెప్పిన మాట గుర్తున్నదా? రాత్రంతా పక్కన కూర్చొనే ఆ మనిషి విలువను వైద్యశాస్త్రం మళ్ళీ గుర్తించింది. ఆమె ఓపికకు చదువు, శుభ్రమైన చేతులు, రక్తస్రావాన్ని ఆపే సూది తోడైతే అదే మిడ్‌వైఫ్.

మీరు చేయవలసినవి

చరిత్ర తెలుసుకోవడం ఆచరణకే కనుక కొన్ని సూచనలు చేస్తున్నాను.

మీ ఇంట్లో గర్భిణి ఉంటే మూడవ నెలలోపే పేరు నమోదు చేయించండి. ఐరన్ మాత్రలు ఇంటికి తెచ్చుకోవడంతో సరిపెట్టకండి, ఆమె మింగుతున్నదో లేదో చూడండి. తొలి కానుపుకు పుట్టింటికి పంపేటప్పుడు ఆమె వెంట పరీక్షల పుస్తకం తప్పక పంపండి, ఆ ఊరి ఆశా కార్యకర్తకు ముందే కబురు చేయండి. ఊరు మారిన గర్భిణి రెండు ఊళ్ళ జాబితాలలోనూ జారిపోయే ప్రమాదం ఉంది.

ఎనిమిదవ నెల నాటికి నాలుగు విషయాలు తేల్చుకోండి. కానుపు ఎక్కడ? రాత్రివేళ వాహనం ఏది? అదే రక్త గ్రూపు గల వారు బంధువులలో ఎవరు? ఇంటి పెద్ద లేని సమయంలో నిర్ణయం ఎవరిది? ఈ చివరిదానికి సరైన సమాధానం ఒక్కటే, ఇంట్లో ఆ క్షణాన ఎవరుంటే వారు.

తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం వాపు, రక్తస్రావం, ఉమ్మనీరు కారడం, జ్వరం, బిడ్డ కదలికలు తగ్గడం వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగవద్దు. 108కు ఫోన్ చేయండి. బిడ్డ పుట్టిన తరువాత గంటలోపు తల్లిపాలు పట్టించండి. పాలు తాగకపోవడం, ఒళ్ళు చల్లబడటం, ఊపిరికి డొక్కలు ఎగరేయడం, ఫిట్స్, అరచేతులు అరికాళ్ళు పసుపెక్కడం కనిపిస్తే నాటు వైద్యాలకు సమయం వృథా చేయకండి. దారిలో బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి గుడ్డ చుట్టి తీసుకెళ్ళండి, తల్లి ఒంటి వెచ్చదనం బిడ్డను కాపాడుతుంది.

ఇక ఊరి పెద్దలకు ఒక మాట. మీ ప్రాంతానికి కొత్త ఆసుపత్రి మంజూరైతే ఎన్ని పడకలని మాత్రమే అడిగి ఊరుకోకండి. రాత్రి రెండు గంటలకు మత్తు వైద్యుడు ఉంటాడా, రక్తం నిల్వ ఉంటుందా, పసిపిల్లల విభాగంలో ఎందరు నర్సులున్నారు అని అడగండి. రఫత్ మరణం తరువాత ఒక రాకుమారి నిజాంను అడిగింది. నేడు అడగవలసింది, అడిగే హక్కు ఉన్నదీ మీకే. పైన చెప్పిన 43 అన్న అంకెలోని ఒక్కొక్కటీ ఒక ఇంటి దీపం. అది ఇంకా తగ్గగలదు, తగ్గాలి.